రుమాలు తీయకుండా విన్న మాట

ఈ కథ నాకు మొదట చెప్పినోడు మా ఊరి బస్‌స్టాపు కాడ టీ అంగడి మాబాషా. "నందికొట్కూరు నెట్ సెంటర్‌లో ఎవురో ఒక ముసలాయన, కంప్యూటర్ మాట్లాడలేదని చేతికట్టెతో కొట్నాడంట సామీ" అని నవ్వుకుంటా చెప్పినాడు.

"కొట్టలేదు" అన్నా.

"నీకెట్ల తెలుసు?"

"ఆ ముసలాయన నేనే."

మాబాషా గ్లాసు కడిగేది ఆపేసినాడు. కొట్టింటేనే బాగుండు. కంప్యూటర్ పగిలితే ఇంకోటి తెస్తారు. నేను చేసింది అట్ల బాగయ్యేది కాదు. జనం నోట్లో ఎట్లెట్లనో తిరుగుతాండాది గాబట్టి నేనే కూడబలుక్కుంటా రాస్తాండా. నా చదువు రెండో తరగతి. ఈ రెండు కాగితాలకు నాలుగు దినాలు పట్టింది.

నా తమ్ముడు ఓబులేసు, కమలాపురంలో ఉంటాడు. పదకొండేండ్ల కిందట వాని బిడ్డ పెండ్లి పత్రికలో నా పేరు వాని బామ్మర్ది పేరు కింద వేయించినాడు. నాకు చదువు రాకపోయినా, నా పేరు యాడ ఉండాదో కనుక్కునేంత వచ్చు. ఇంటికి పెద్దోణ్ని నేను. పెండ్లికి పోలేదు. ఆ పొద్దునుండి మాట లేదు. వాడు ఫోన్ చేస్తే, గొంతు వినబడంగానే పెట్టేస్తాంటి. ఒక్క అక్షరం కూడా చెవిన పడనియ్యలేదు. దాంట్లో నేను శానా గట్టోణ్ని.

పోయిన నెల ఒక మంగళవారం మధ్యాన్నం వాని కొడుకు సుధాకర్ హైదరాబాదు నుండి ఫోన్ చేసినాడు. పిల్లోని మీద నాకు పంతం లేదు, విన్నా.

"పెద్దనాయనా, నాయనకు గొంతులో క్యాన్సర్. రేప్పొద్దున ఈడ ఆపరేషన్. ఆ తర్వాత మాట రాదంట. ఈ వారంలో నీకు మూడుసార్లు చేసినాడు, నువ్వు పెట్టేస్తివి. అందుకే ఆయన మాటలు రికార్డు చేసి నెట్‌లో పెట్టినా. నెట్ సెంటర్ రఫీ నాతో చదువుకున్నోడు, వానికి అంతా చెప్పిండా. పోయి విని, సాయంత్రం లోపల ఒక్క ఫోన్ చెయ్యి. నీ ఫోన్ కోసం కాసుకోని ఉండాడు."

బస్సెక్కి పోయినా. రఫీ మర్యాదస్తుడే, కుర్చీ తుడిచి వేసినాడు. పేజీ తెరిచినాడు. దాంట్లో ఒక చిన్న డబ్బా, దాంట్లో ఒక మూడుమూలల గుర్తు. దాన్ని నొక్కితే పైన పసుప్పచ్చ పట్టీ ఒకటి వచ్చింది.

"ఏదో ప్లేయర్ కావాలంటాంది పెద్దాయనా. డౌన్‌లోడ్ చేయాల."

"ఎంతసేపు?"

"లైన్ స్లో ఉండాది."

ముక్కాలు గంట. నడుమ కరెంటు పోయింది, మళ్లా మొదట్నుండి. ఆఖరికి ఆ డబ్బా అడుగున ఒక గీత కదిలింది. ఆ కొస నుండి ఈ కొసకు పోయింది. శబ్దం లేదు. రఫీ కింద మూలన ఉండే స్పీకరు బొమ్మ చూసినాడు, మ్యూట్ లేదు. వాల్యూమ్ పైదాకా జరిపినాడు. పేజీ మూసి తెరిచినాడు. ఆ కంప్యూటర్‌లోనే ఉండే భజన పాట ఒకటి పెట్టినాడు. అదీ మూగే.

"అయితే పేజీది తప్పు కాదు" అని బల్ల కిందికి దూరినాడు. దుమ్ముతో బయటికొచ్చి, "స్పీకర్లు కాలిపోయిండాయి పెద్దాయనా, మొన్న వోల్టేజీకి. హెడ్‌ఫోన్‌లో వస్తాండాది. చెవులకు పెట్టుకోండి" అన్నాడు.

పెట్టుకున్నా. తలకు చుట్టిన రుమాలు మీదనే. మాది నిండు రుమాలు, చెవులు రెండూ మునిగేటట్టు చుట్టేది. దాని మీద ఆ బిళ్లలు కూచుంటే నాకు యాడనో తేనెటీగ తిరిగినట్టుండె, అంతే.

"రుమాలు తీయండి, వినబడుతాది."

"ఇది మా నాయన పోయిన పదకొండోనాడు, ఇంటికి పెద్దోణ్నని మా మేనమామ కట్టింది. నలుగురిలో తీసేది కాదు."

"ఈడ నలుగురు యాడుండారు? నేనొక్కణ్నే."

"నువ్వు కాదప్పా. తమ్ముని మాట వినేదానికి అన్న తల ఖాళీ చేసుకోవాల్నా?"

"ఆయన హైదరాబాదులో ఉండాడు గదా, పెద్దాయనా."

"గొంతు ఈడ ఉండాది గదా."

రఫీ "పోనీ, నేను విని చెప్తా" అన్నాడు. ఇంటి మాట బయటోని చెవిలో పడకూడదని దానికీ ఒప్పుకోలేదు. మూడుసార్లు గీత పోయింది, మూడుసార్లూ తేనెటీగనే. అప్పుడు నా బుద్ధికి తోచింది ఏందంటే, ఓబులేసు ఏమీ మాట్లాడలేదు, నన్ను బస్సెక్కించి ఉత్త గీత చూపించి నవ్వుతాండాడు అని. నిజంగా నమ్మినానా అంటే, నమ్మాలని ఉండె, నమ్మినా.

పక్కనే ఎస్టీడీ బూతు. ఆడ్నుండి చేస్తే సుధాకర్ ఎత్తినాడు.

"విన్నావా పెద్దనాయనా?"

"విన్నా. వాని మాట విలువ ఎంతో తెలిసిపోయింది. ఆ గొంతు ఉంటే ఏమి, పోతే ఏమి అని చెప్పు."

 సుధాకర్, "ఫోన్ నాయన చెవి కాడనే పెట్టిండా" అని పెట్టేసినాడు.

ఎనిమిది దినాలు ఓర్చుకున్నా. తొమ్మిదోనాడు మళ్లా రఫీ కాడికి పోయి, తలుపు దగ్గరికి వేయమని, రుమాలు తీసి ఒళ్లో పెట్టుకున్నా. రఫీ గోడ తట్టుకు తిరిగి నిలబడినాడు. ఆ మర్యాద మర్చిపోను.

ఓబులేసు గొంతు అప్పటికే గరగరా ఉండె. "అన్నా, పత్రిక నేను చూసుకోకుండా అచ్చుకిచ్చినా. తప్పు నాదే. రేపట్నుండి నువ్వు పిలిస్తే పలికేదానికి నాకు గొంతుండదు. ఒక్కసారి ఒరే ఓబులేసూ అని పిలువు. పలికి, లోపలికి పోతా."

అంతే ఉండేది. గీత సగం కూడా దాటలేదు. మిగతాదంతా వాడు ఊపిరి తీసుకునేదే.

ఇప్పుడు వాడు కమలాపురంలో బాగనే ఉండాడు. పలక మీద రాసి చూపిస్తాడు. నేను రెండుసార్లు పోయినా. వాడు రాసింది నేను కూడబలుక్కునే లోపల తుడిచి ఇంకోటి రాస్తాడు. శెనక్కాయ గురించి, బోరు గురించి మాట్లాడి వచ్చినా. ఆ ఫోన్ సంగతి వాడు రాయలేదు, నేను ఎత్తలేదు. బస్సులో పోతాన్నంతసేపు చెప్పాల్సిన మాట నోట్లోనే ఉంటాది. వాని గడప తొక్కంగానే బయటికి రాదు. మా ఇద్దరిలో ఆపరేషన్ అయింది ఎవురికో అర్థం కాదు.

అందుకని ఇది చదివినోళ్లలో ఎవురన్నా కమలాపురం తట్టు పోతే, దయచేసి వానికి ఒక మాట చెప్పండి. మీ అన్న ఆ పొద్దు అన్న మాట నీ మాట విని అన్నది కాదు, ఏమీ వినకుండానే జవాబు చెప్పినాడు అని. ఎందుకు వినలేదని అడిగితే, దాచొద్దు, తెలివి తక్కువై అని చెప్పండి.