ఏసీ ఆగినరోజు ఏ మెషీన్ ఆపాలి

2016 మే నెల. కర్నూలులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేను సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌ని. రెండో అంతస్తు చివర, మందుల స్టోరు పక్కన మా సర్వర్ గది ఉండేది. అంతస్తు మొత్తానికి చల్లగా ఉండే చోటు అదొక్కటే. ఏదో ఒక సాకుతో అందరూ వచ్చి కాసేపు నిలబడి పోయేవాళ్లు. లోపల ఎవరూ ఏమీ తినకూడదని నియమం పెట్టింది నేనే. ఫార్మసీవాళ్లు ఉగ్గాని, బజ్జీలు తెస్తే ముందు మీరిందీ నేనే. ఆ తర్వాత చాలా పెద్ద డేటా సెంటర్లలో పనిచేశాను. ఏదీ ఆ గదంత సొంతంగా అనిపించలేదు.

అక్కడ ఉన్నవి రెండు పెద్ద సర్వర్లు. వాటిని హోస్టులు అంటాం. హోస్టు మీద హైపర్‌వైజర్ అనే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. అది ఒకే యంత్రం మెమరీని, ప్రాసెసర్‌ని పంచిపెట్టి లోపల చాలా కంప్యూటర్లను నడిపిస్తుంది. ఆ లోపలి కంప్యూటర్లే వర్చువల్ మెషీన్లు. మాకు బిల్లింగ్‌కు ఒకటి, ల్యాబ్‌కు ఒకటి, ఫార్మసీకి ఒకటి, స్కానింగ్ బొమ్మలు దాచే ప్యాక్స్‌కు ఒకటి, ఇలా పదికి పైగా ఉండేవి. నడుస్తున్న మెషీన్‌ను ఆపకుండానే ఒక హోస్టు నుంచి ఇంకోదానికి జరపొచ్చు. దాన్ని లైవ్ మైగ్రేషన్ అంటారు. కౌంటర్లో బిల్లు కొడుతున్న అమ్మాయికి తెలియకుండానే ఆమె మెషీన్‌ను మొదటిసారి జరిపినప్పుడు, గారడీ నేర్చుకున్నంత సంబరపడ్డాను.

ఆరోజు భోజనాల వేళ ఏసీ ఆగిపోయింది. మెకానిక్ ఖాజా భాయ్ వచ్చి బయటి యూనిట్ విప్పి చూశాడు.

"కంప్రెషర్ కాలిపోయిండాది మేడం. కొత్తది హైదరాబాద్ నుంచి రావల్ల. అంతవరకు ఫ్యాన్లే గతి."

తలుపు బార్లా తీసి స్టాండ్ ఫ్యాన్లు పెట్టించాడు. అవి వేడిగాలినే తిప్పాయి. స్క్రీన్ మీద రెండు హోస్టుల ఉష్ణోగ్రతా ఎర్రరంగులోకి వచ్చింది. ఇంకాస్త పెరిగితే అవి వాటంతటవే ఆగిపోతాయి. అప్పుడు ఆసుపత్రిలో అన్నీ ఒక్కసారే ఆగుతాయి.

మెషీన్లన్నిటినీ మొదటి హోస్టు మీదికి జరిపి రెండోదాన్ని ఆపేస్తే గదిలో పుట్టే వేడి సగం తగ్గుతుంది. కానీ అన్నిటికీ ఒక్క హోస్టు మెమరీ చాలదు. అన్నిటికంటే ఎక్కువ మెమరీ తినేది ప్యాక్స్. అదొక్కటి ఆపితే మిగిలినవన్నీ ఇముడుతాయి. లెక్క తేలిపోయిందనుకుని, వార్డులకు కబురు చెప్పమని నర్సింగ్ సూపరింటెండెంట్ సువార్తమ్మ గారికి ఫోన్ చేశాను. ఆమె వెంటనే మెట్లెక్కి పైకే వచ్చేశారు.

"ఏంది ఆపుతాండావు పాపా?"

"స్కాన్లది మేడం. అదొక్కటి ఆపితే ల్యాబ్, బిల్లింగ్, ఫార్మసీ అన్నీ నడుస్తాయి."

"కింద క్యాజువాల్టీలో ఓబులేసు అని ట్రాక్టర్ డ్రైవర్ ఉండాడు. బేతంచెర్ల నుంచి బండలేసుకొస్తా పడినాడంట, తలకు దెబ్బ. ఇప్పుడే సీటీ తీసినారు. పెద్ద డాక్టరేమో ఈ పొద్దు కడపలో ఉండాడు."

మా న్యూరోసర్జన్ వారానికోసారి కడప శాఖలో రోగులను చూసేవారు. కర్నూలు స్కాన్లను అక్కడి కంప్యూటర్లో తెరిచి చూసుకునేవారు.

"ఫోన్లో ఫొటోలు పంపితే సరిపోదా మేడం?"

"పంపినారు. వాటితో తేలదంటాండాడు ఆయప్ప. ఒక్కో బొమ్మా వరసగా చూడాలంట. ఆయన చూసి చెప్తే, ఈడ చిన్న డాక్టరు ఆపరేషన్ మొదలుపెడతాడు."

"మరి దాన్ని ఉంచాలంటే మిగతా మూడూ ఆపాలి. ల్యాబ్ ఆపితే రిపోర్టులు వార్డులకు రావు కదా."

"కాగితం మీద రాయించుకుని మేమే తెచ్చుకుంటాం. మందులకూ చీటీ పట్టుకొని పోతాం. నేను చేరిన కాలంలో అట్లనే కదా చేసింది. ఈ బొమ్మలను కడపకు ఎవరు ఎత్తుకొనిపోతారు? మేం నడిచి చేయగలిగింది మాకొదిలెయ్ పాపా. మావల్ల కానిది నువ్వు పట్టుకో."

బిల్లింగ్ ఆపితే, బిల్లు కట్టి ఇంటికి పోవాల్సిన డిశ్చార్జివాళ్లు గొడవ చేస్తారన్నాను. "వాళ్లతో నేను మాట్లాడతాలే" అని కిందికి దిగారు.

బిల్లింగ్, ల్యాబ్, ఫార్మసీ మెషీన్లను ఒకదాని తర్వాత ఒకటి ఆపాను. మిగతా చిన్నవాటిని మొదటి హోస్టు మీదికి చేర్చాను. ఇక జరపాల్సింది ప్యాక్స్ ఒక్కటే. అది రెండో హోస్టు మీద ఉంది. కడపలో డాక్టరు అప్పటికే బొమ్మలు తెరిచారు. ఆయన చూస్తుండగానే దాన్ని జరపాలి. జరపడం మొదలుపెట్టాను. స్క్రీన్ మీద ఎంత జరిగిందో చూపే గీత కొంతదూరం పోయి నిలిచిపోయింది. చెమట కళ్లలోకి దిగుతున్నా తుడుచుకోలేదు. ఖాజా భాయ్ కూడా ఫ్యాను పట్టుకుని ఆ గీతనే చూస్తూ నిలబడ్డాడు. చివరికి అది కదిలింది, పూర్తయింది. వెంటనే కడపకు ఫోన్ చేశాను.

"సార్, బొమ్మలు కనిపిస్తున్నాయా?"

"కనిపిస్తాండాయి. ఎందుకమ్మా?"

"ఏమీ లేదు సార్" అని పెట్టేశాను. రెండో హోస్టు ఆపాను. ఉష్ణోగ్రత మెల్లగా దిగడం మొదలైంది.

కాసేపటికి కిందికి వెళ్లాను. నర్సులు చీటీలు పట్టుకుని మెట్లమీద ఎక్కిదిగుతున్నారు. సువార్తమ్మ గారు డిశ్చార్జివాళ్లను చెట్టునీడ పడే వరండాలోకి మార్చి, మంచినీళ్లు ఇప్పిస్తూ ఒక్కొక్కరికీ సంగతి చెబుతున్నారు. ఎవరూ గొడవ చేయలేదు. ఓబులేసు భార్య ఆపరేషన్ థియేటర్ ఎదురుగా గోడకానుకుని కూర్చుని ఉంది. నేనూ ఆమె పక్కన కూర్చున్నాను. సాయంత్రం చిన్న డాక్టరు బయటికొచ్చి, పుర్రెలోపల గడ్డకట్టిన రక్తం తీసేశామని, ప్రాణానికి భయం లేదని చెప్పారు. ఆమె నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. తర్వాత కొన్ని వారాలకు ఓబులేసు తన కాళ్లమీదే నడిచి వెళ్లాడు. మాట మాత్రం కొంచెం తడబడేది.

సువార్తమ్మ గారు రిటైరయ్యారు. ఆ ఆసుపత్రి మెషీన్లు ఇప్పుడు ఎక్కడో దూరాన ఒక డేటా సెంటర్లో ఉన్నాయి. నేనిప్పుడు కడపలో ఇంట్లోనే కూర్చుని, కళ్లతో ఎన్నడూ చూడని హోస్టులను చూసుకుంటాను. అంతకుముందు ఏ మెషీన్ ముఖ్యమో దాని మెమరీ, ప్రాసెసర్ చూసి నిర్ణయించేదాన్ని. ఆ మధ్యాహ్నం తర్వాత, అది ఆగితే ఆ పని చేత్తో చేసే మనిషి ఉన్నారా లేరా అని ముందు కనుక్కుంటున్నాను. ఆ జవాబు ఏ స్క్రీన్‌లోనూ ఉండదు. మా టీములో కొత్తగా చేరినవాళ్లు ఏది ముందు ఆపాలని అడిగితే, ఆ మెషీన్‌తో పనిచేసేవాళ్ల దగ్గరికి పోయి ఒక పూట కూర్చుని రమ్మంటాను.