గోడ మీద ఖాళీ మేకు

ఆర్విల్ స్కాగ్స్ ముప్పై నాలుగేళ్లు పీపాల చెక్కలు కోసే మిల్లులో పెద్ద రంపం దగ్గర నిలబడ్డాడు. మా ఒజార్క్ కొండల్లో చదువు అబ్బని మగవాడికి రెండే దారులు. ఒకటి ఆ మిల్లు, రెండోది పట్నం. ఆర్విల్ పట్నం వైపు తల కూడా తిప్పలేదు. తెల్ల ఓక్ దుంగ రంపం మీదికి ఎక్కినప్పుడు పుట్టే కీచు రెండు లోయల అవతలికి వినపడుతుంది. ఆ రోజుల్లో చెవుల్లో దూది పెట్టుకుంటే తోటివాళ్లు నవ్వేవాళ్లు. నలభై అయిదో ఏటికి అతని ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవి సగం మిగిలింది. ఆ సగం ఎంత అన్నది అతనికి తప్ప ఎవరికీ తెలియదు.

ఇప్పుడు అదే రంపం దగ్గర నేను నిలబడుతున్నాను. మధ్యాహ్నం బల్ల మీద కూర్చుని లైబ్రరీ పుస్తకాలు చదువుకుంటాను. వాటిలో మావంటి వాళ్లు కనిపిస్తే వెర్రివాళ్లుగానో, మరీ మంచివాళ్లుగానో కనిపిస్తారు. ఆర్విల్ ఈ రెంటిలో ఏదీ కాదు.

పొడుగ్గా, బక్కగా ఉండేవాడు. చొక్కా ఎప్పుడూ ప్యాంటు లోపలికి దోపుకునేవాడు. భార్య పోయాక ఒంటరిగా ఉంటూ, సాయంత్రాలు దేవదారు చెక్కతో, అడవి టర్కీ కోళ్లను రప్పించే పిలుపు పెట్టెలు చెక్కేవాడు. అరచేతిలో పట్టే పెట్టె అది. మూతని అంచు మీద గీస్తే అచ్చం టర్కీ పెట్ట పిలిచినట్టు మోగుతుంది. వసంతంలో ఆ పిలుపు వింటే పుంజు ఒళ్లు మరిచి వస్తుంది. చెవులు పోయాక కూడా ఆర్విల్ పెట్టెలు చేయడం మానలేదు. పెట్టెను దవడ ఎముకకు ఆనించుకుని గీసి, ఎముకలో పుట్టే వణుకును బట్టి శ్రుతి చూసుకునేవాడు. అడిగినవాళ్లందరికీ ఊరికే ఇచ్చేసేవాడు.

ప్రతి ఏప్రిల్‌లో టర్కీ వేటకు అనుమతి తెరిచే సోమవారానికి నలుగురు స్నేహితులు వాగు పక్కనున్న రేకుల గదికి చేరేవారు. ఆర్విల్, బడి బస్సు నడిపిన డెన్జిల్ మహూరిన్, రంపాలు బాగుచేసే హోబర్ట్, మా నాన్న. నాన్న పోయాక ఆ గదిలో ఆయన మంచం నాకు వచ్చింది. మిగతా ముగ్గురినీ నేను బాబాయ్ అనే పిలుస్తాను.

ఆ గదికి డెన్జిల్ పెట్టిన నియమాలున్నాయి. గురి తప్పినవాడి చొక్కా తోక, అంటే వెనక కింది అంచు, కత్తిరించి, దాని మీద పేరు, ఏడాది, ఎన్ని అంగల దూరమో రాసి గోడకు మేకు కొట్టాలి. గోడ నిండా గళ్ల గుడ్డలు, పువ్వుల గుడ్డలు, వెలిసిపోయిన ఖాకీ ముక్కలు. రెండో నియమం ఇంకా గట్టిది. దెబ్బ తగిలి పుంజు తప్పించుకుంటే వెలుగు ఉన్నంతసేపూ వెతకాలి. దొరికినా దొరక్కపోయినా అది నీ పుంజే. ఆ వసంతానికి నీ వేట అయిపోయినట్టు. దెబ్బ తిన్నదాన్ని అడవికి వదిలేసి ఇంకోదాని వెంట పడేవాడికి ఆ గదిలో మంచం లేదు.

ఆ గోడ మీద ఒక మేకు ఖాళీగా ఉంది. పదేళ్లుగా ఖాళీగానే ఉంది.

పదేళ్ల కిందట ఒక ఉదయం డెన్జిల్ కొండ మీద ఓక్ చెట్టుకు వీపు ఆనించి కూర్చుని, మొండికేసిన పుంజును రెచ్చగొట్టడానికి తనే పుంజులా కూశాడు. ఆ కూత ఆర్విల్‌కి చేరింది. ఎటు నుంచి వచ్చిందో సరిగా తెలియలేదు. మిగిలిన సగం చెవితో వెతుక్కుంటూ పాక్కుంటూ వెళ్లాడు. కూసేది ఇంకో వేటగాడు కావచ్చు, కూత వైపు పాకకూడదని ఇక్కడ పసిపిల్లలకీ తెలుసు. పుంజు తల ఎరుపు, తెలుపు, నీలం. డెన్జిల్ ముక్కు తుడుచుకోవడానికి ఎర్రంచు తెల్ల జేబురుమాలు తీశాడు. ఆర్విల్ నలభై అంగల నుంచి పేల్చాడు.

తర్వాత ఆర్విల్ తిన్నగా గదికొచ్చి, గురి తప్పిందన్నాడు. అప్పటికి తొమ్మిది గంటలు. మా నాన్న, హోబర్ట్ నవ్వుకుంటూ అతని చొక్కా తోక కత్తిరించి మేకు కొట్టారు. ఒంటిగంటకు వేట ఆపాల్సిన సమయమయ్యాక కూడా డెన్జిల్ రాకపోతే నాన్న వెతుకుతూ వెళ్లాడు. డెన్జిల్ ఎండుటాకుల మీద వెల్లకిలా పడి ఉన్నాడు. కుడి కన్ను పోయింది. రెండు సీసం గుళ్లు ఈనాటికీ అతని చెంప కింద ఉన్నాయి. తానెంత అరిచాడో అతనే చెప్పాడు. గొంతు పూడుకుపోయేదాకా అరిచాడట.

నాన్న తిరిగొచ్చి ఆ గుడ్డ పీకి పొయ్యిలో వేశాడు. మేకు మాత్రం ఉండిపోయింది.

ఆర్విల్ చెప్పింది ఒక్కటే. పుంజు ఎగిరిపోయిందనుకున్నాను, తుపాకీ మోతకి చెవి మూసుకుపోయింది, ఏమీ వినపడలేదు. ఊళ్లో నమ్మినవాళ్లు నమ్మారు, లేనివాళ్లు లేదు. తీర్పు చెప్పాల్సినవాడు డెన్జిల్. ఆసుపత్రి మంచం మీద నుంచి అతను చెప్పిన మాట నాన్న నాకు చాలాసార్లు చెప్పాడు. "వాడు వినలేదన్నాడంటే వినలేదు. ముప్పై ఏళ్లు ఆ రంపం పక్కన నిలబడ్డ చెవిరా అది." దానితో ఆ మాట ముగిసింది. ముగిసిందని అందరం అనుకున్నాం.

ఆర్విల్ మళ్లీ తుపాకీ ముట్టలేదు. విల్లు పట్టాడు. విల్లుతో టర్కీని కొట్టడం పిచ్చిపని. అది పదిహేను అంగల్లోపలికి రావాలి. దాని కన్ను మన కంటికి పదింతలు. నారి లాగేటప్పుడు మోచెయ్యి కదిలితే చాలు, మాయమైపోతుంది. అయినా అంత దగ్గరికి వస్తేనే ఎదురుగా ఉన్నది పుంజో మనిషో తేలుతుందని ఆర్విల్ అనేవాడు. తొమ్మిది వసంతాలు. ఒక్క పుంజూ పడలేదు. పిలిచే వాడొకడు వెనక కూర్చుంటే పడేది. కానీ డెన్జిల్ తెల్లవారగానే ఒక కొండకి, ఆర్విల్ ఇంకో కొండకి వెళ్లేవారు. ఎవరూ పెట్టని నియమం అది.

నిరుడు వేట తెరిచే ముందు సాయంత్రం, బీన్స్, మొక్కజొన్న రొట్టె తింటూ డెన్జిల్ ఉన్నట్టుండి అన్నాడు. "రేపు నీకు నేను పిలుస్తా."

ఆర్విల్ కుడి చెవి తిప్పాడు. డెన్జిల్ గట్టిగా మళ్లీ చెప్పాడు.

హోబర్ట్ రొట్టె నములుతూ, "వెనకాలే కూర్చోరోయ్, ముందు కూర్చునేవు" అన్నాడు. తొమ్మిదేళ్లలో ఆ సంగతి మీద ఎవరూ హాస్యమాడలేదు. నా చెంచా గాల్లో ఆగిపోయింది. ముందు నవ్వింది డెన్జిలే. "ఉన్న కన్ను కూడా ఇచ్చేస్తానేంటి? నాకూ అరవై ఎనిమిదొచ్చాయి. వీడొకటి కొట్టి చస్తే నాకు మనశ్శాంతి" అన్నాడు.

ఆర్విల్ నవ్వలేదు. పళ్లెం పట్టుకుని బయటికి వెళ్లి, కడగాల్సిన దానికంటే చాలాసేపు కడిగాడు. అతనికి పుంజు ఒక సాకు. తను ఏ కూత మీద పేల్చాడో ఆ కూతే డెన్జిల్ మళ్లీ తన వెనక నిర్భయంగా కూస్తానంటున్నాడు. అంతకంటే ఆ మనిషికి ఈ లోకంలో కావలసింది ఏమీ లేదు.

చీకటి విడవకముందే బయల్దేరాం. డాగ్‌వుడ్ పూలు అడవిలో అక్కడక్కడ తెల్లగా కనిపిస్తున్నాయి. ఆర్విల్ ఒక పడిపోయిన దుంగ వెనక మోకాళ్ల మీద కూర్చున్నాడు. అతనికి ముప్పై అంగల వెనక డెన్జిల్. డెన్జిల్‌కి చూపు లేని కుడివైపు నేను. పుంజు ఎక్కడుందో తెలుసుకోవడానికి డెన్జిల్ గుడ్లగూబలా కూశాడు. కొండ పైనుంచి పుంజు బదులిచ్చింది. ఆర్విల్ తల కదలలేదు. అతనికి వినపడలేదు. తర్వాత డెన్జిల్ ఆర్విల్ చేసిన పెట్టెనే తీసి మెల్లగా గీశాడు.

గంట పట్టింది. పుంజు కూయడం మానేసి నిశ్శబ్దంగా వచ్చింది. తోక విసనకర్రలా విప్పి, రెక్కల కొసలు ఆకుల మీద ఈడుస్తూ, తల నీలం, ఎరుపు. అది గుండ్రంగా తిరిగి తోకతో తన కళ్లకే అడ్డం వేసుకున్న క్షణాన ఆర్విల్ విల్లు లాగాడు. పన్నెండు అంగలు. వదిలాడు.

తడి దిండు మీద కర్రతో కొట్టినట్టు చప్పుడైంది. పుంజు ఎగిరిపడి, బరువుగా, కాళ్లు వేలాడేసుకుని వాగు మీదుగా వెళ్లిపోయింది. డెన్జిల్‌కి ఎడమ కంటికి చెట్టు అడ్డం. ఏమైందని అడిగాడు. తెలీదన్నాను. మోకాళ్ల నొప్పితో అతను అక్కడే ఉండిపోయాడు. నేనూ ఆర్విల్ వాగు వైపు దిగాం.

బాణం ముందు నాకు కనిపించింది. పొడుగునా ఆకుపచ్చటి జిగురు, దాని మీద నెత్తురు, పేగుల కంపు. కడుపులోంచి దూసుకుపోయిందన్నమాట. అలాంటి పుంజు వెంటనే చావదు. ఎక్కడో పొదలో దూరి, సాయంత్రం దాకా, ఒక్కోసారి మర్నాటి దాకా కూర్చుంటుంది.

ఆర్విల్ బాణం తీసుకుని వాగులో కడిగాడు. ఇసుకతో రుద్ది మళ్లీ కడిగాడు. అరగంట వెతికినట్టు వెతికి, రాయి మీద కూర్చున్నాడు.

"లైల్, తప్పిందని చెప్పు."

"అది దెబ్బ తింది బాబాయ్. అవతలి గట్టున ఎక్కడో ఉంటుంది."

"తగిలిందంటే ఈ ఏడు నాకు అయిపోయినట్టేగా. డెన్జిల్ మళ్లీ ఏడు వస్తాడో రాడో. నాకు ఇంకొక్క పొద్దు కావాలిరా. ఇంకొక్కటే."

అతని కళ్లలో నీళ్లు. ఇంకెవరైనా అయితే తిట్టేవాడిని. నేను తల ఊపాను. జాలిపడ్డానని చెప్పుకోవచ్చు. నిజానికి ఆ ముళ్ల పొదల్లో రోజంతా తిరగాలని నాకూ లేదు.

గది దగ్గర హోబర్ట్ పండగ చేశాడు. గొర్రెల కత్తెర తెచ్చి డెన్జిల్ చేతిలో పెట్టాడు. "కత్తిరించు, నీదే ఆ హక్కు. వీడి తోక ఇన్నేళ్లు పెరిగిపోయింది." ఆర్విల్ కుర్చీలో వెనక్కి తిరిగి కూర్చుని, నేను చూస్తుండగా మొదటిసారి చొక్కా ప్యాంటులోంచి బయటికి లాగాడు. నవ్వుతున్నాడు. అంత సంతోషంగా అతన్ని నేనెప్పుడూ చూడలేదు.

"ఎన్ని అంగలు?" డెన్జిల్ అడిగాడు. అతని గొంతు మామూలుగానే చిన్నది.

"పన్నెండు."

"బాణం పైనుంచి పోయిందా, కిందనుంచా?"

"పైనుంచే పోయింది."

గుడ్డతోబాటు ఆ బాణాన్ని కూడా గోడకి తగిలిద్దామని డెన్జిల్ ఆర్విల్ అమ్ములపొదిలోంచి దాన్ని తీశాడు. బాణం వెనకనున్న ఈకలు టర్కీ రెక్కవి, డెన్జిలే అతికించి ఇచ్చినవి. బొటనవేలితో వాటిని నిమిరాడు. అవి తడిసి ముద్దగా అతుక్కుపోయి ఉన్నాయి. వాన పడి వారం అయింది. బాణాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఇసుక ఎంత రుద్దినా ములుకు మొదట్లోని సందులోకి పోదు, కంపు అక్కడ మిగిలిపోయింది.

ఒంటి కంటితో నా వైపు చూశాడు. "పైనుంచే పోయిందా లైల్?"

"అవును బాబాయ్" అన్నాను.

అతను కత్తెర బల్ల మీద పెట్టేశాడు. హోబర్ట్ నవ్వు ముఖం మీదే ఆగిపోయింది. డెన్జిల్ చాలాసేపు ఆర్విల్ వీపు వైపు చూశాడు. అతను చూస్తున్నది ఈ బాణాన్ని కాదని నాకు అర్థమైంది. తప్పిందని ఇంత తేలిగ్గా, ఇలా నవ్వుతూ చెప్పగల మనిషిని అతను తొమ్మిదేళ్ల తర్వాత మొదటిసారి చూస్తున్నాడు.

"ఆర్విల్" అన్నాడు, అదే చిన్న గొంతుతో. "ఆ రోజు నేను అరిచింది నీకు వినపడిందా?"

ఆర్విల్ వీపు బిగుసుకుంది. మెల్లగా తిరిగి, కుడి చెవి ముందుకు పెట్టాడు.

"ఏంటీ?"

అంగలెన్నని అడిగింది కూడా ఆ గొంతే. దానికి ఆర్విల్ వీపు తిప్పి ఉండే వెంటనే బదులిచ్చాడు. డెన్జిల్ రెండోసారి అడగలేదు. చేతికర్ర తీసుకుని, ఆ మోకాళ్లతోనే వాగు వైపు నడిచాడు. పుంజు కోసం. నేను వెనకే వెళ్లాను. ఇద్దరం చీకటి పడేదాకా అవతలి గట్టు మీద ప్రతి పొదా వెతికాం. పుంజు దొరకలేదు. రెండు రోజుల తర్వాత వాగు పైన రాబందులు తిరిగాయి.

మేం తిరిగొచ్చేసరికి ఆర్విల్ అదే కుర్చీలో ఉన్నాడు. చొక్కా తోక ఇంకా బయటే వేలాడుతోంది. కత్తెర బల్ల మీదే ఉంది. తెల్లవారకముందే డెన్జిల్ తన పరుపు చుట్టుకుని ట్రక్కు ఎక్కి వెళ్లిపోయాడు. పోతూ ఆర్విల్ చేసిన పిలుపు పెట్టెను అతని మంచం కాళ్ల దగ్గర పెట్టి వెళ్లాడు.

మా ఊళ్లో మనుషుల మధ్య బంధాలు అలాగే తెగుతాయి, కేకలు లేకుండా. ఆర్విల్ ఇప్పటికీ మిల్లుకి వస్తాడు, పని లేకపోయినా. దుంగలు కోస్తుంటే చూస్తూ నిలబడతాడు. నన్ను చూస్తే దగ్గరికొస్తాడు. మేమిద్దరం ఒకే అబద్ధం ఆడినవాళ్లం కదా. నేను పక్కకు తప్పుకోవాలని చూస్తాను, అతనికి నా మీద అదొక హక్కు అయిపోయింది.

మొన్న మార్చి చివర, రెడ్‌బడ్ పూలు విచ్చుకునే వేళ, మధ్యాహ్నం రంపం ఆపి పుస్తకం తీశాను. ఆర్విల్ వచ్చి బల్ల కొసన కూర్చున్నాడు. కొత్త పెట్టె ఒకటి చెక్కాడట, దవడకు పెట్టి చూపించాడు. ఈసారి శ్రుతి బాగా కుదిరిందన్నాడు. తర్వాత, గది ఎప్పుడు తెరుస్తున్నారనీ, డెన్జిల్ వస్తున్నాడా అనీ అడిగాడు.

పుస్తకంలోంచి తల ఎత్తలేదు నేను. పెదవులు కదిలీ కదలకుండా, రాడు అన్నాను.

అతను కుడి చెవి తిప్పలేదు, మళ్లీ అడగలేదు. పెట్టె జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.