తెల్లకణాల ఇల్లరికం

మా తమ్ముడు పోయిన నెల కన్నుమూశాడు. పెద్దవంగర బడిలో జీవశాస్త్రం చెప్పే సారుగా వాడు చాలామందికి తెలుసు. ఊపిరితిత్తిలో గడ్డ. అది బయటపడ్డాక కూడా రెండేళ్లకు పైగా మా మధ్య నవ్వుతూ తిరిగాడు. ఆ రెండేళ్లు ఎలా దక్కాయో చెప్పాలంటే ఒక ఉదయం గురించి చెప్పాలి.

మామూలు ఉదయమే. తొర్రూరులో మా ఇల్లు. దీపం పెట్టి, చిల్పూరు గుట్ట స్వామికి దండం పెట్టుకుని వంటింట్లోకి వచ్చాను. ఒక పొయ్యి మీద తిప్పతీగ కషాయం, అది నాది. ఇంకో పొయ్యి మీద మేక కాళ్ల పులుసు, అది అమ్మది. ఒంట్లో బలం పెరిగితే గడ్డ దానంతటదే కరుగుతుందని మా ఇద్దరి నమ్మకం. తమ్ముడు పీట మీద కూర్చుని సర్వపిండి తింటున్నాడు. మా ఆయన పేపరు చదువుతున్నాడు.

సూదితో గడ్డలోంచి చిన్న ముక్క తీసి చూడాలని డాక్టరు అన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. తన నెత్తి మీద చెయ్యి పెట్టించి, సూది గుచ్చనివ్వనని వాడితో ఒట్టు వేయించుకుంది. అప్పటికి మూడు వారాలు. వాడు ఒట్టు దాటే మనిషి కాదు. గడ్డ ఆగేది కాదు.

"మీ మేనత్తకు గిట్లనే సూది గుచ్చిన్రు. ఆర్నెల్లు తిరగలే" అంది అమ్మ ఆ ఉదయం కూడా.

"సూదితోని కాదమ్మా, ఆలస్యంతోని పోయింది." వాడు కషాయం తాగి ముఖం చిట్లించాడు. "అక్కా, గిది తాగితే తెల్లకణాలు పెరుగుతయా?"

"పెరగాల్ననే గద" అన్నాను.

"నాకు తెల్లకణాలు తక్కువ లేవు. గడ్డతోని కొట్లాడనీకి లోపలికి గూడ పోతున్నయి. పోయినంకనే అసలు కథ. లోపల గాలాడది, తిండి దొరకది. కొన్ని అలిసిపోయి చేతులెత్తేస్తయి. కొన్నిటినైతే గడ్డే మచ్చిక చేసుకుంటది. గవి దానికే కొత్త రక్తనాళాలు పెంచుతయి, కొట్లాడనీకి వచ్చినోళ్లనే ఆపుతయి." మా ఆయన వైపు చూశాడు. "మన బావ లెక్క. ఇల్లరికం."

తమ్ముడు చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడే నా పెళ్లయింది. బాపుకు పొలంలో సాయం కావాలని మా ఆయన ఈ ఇంటికే వచ్చాడు.

ఆయన పేపరు దించాడు. "నిజమే బామ్మర్ది. పెండ్లికి ముందు మా అమ్మ మాట తప్ప విననోన్ని. ఇప్పుడు మీ అమ్మ చెప్తే గాని చాయ్ గూడ తాగుతలేను. మా ఊరోళ్లేమో ఇంక నేను గా పాత పిలగాన్నే అనుకుంటున్నరు."

అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"అదేనమ్మా. రక్తంల చూస్తే మంచిగనే కనవడ్తయి. ఇంట్లకు వోయినంక ఎట్ల మారినయో గక్కడి ముక్క చూస్తేనే తెలుస్తది."

"మారినోళ్లను మళ్ల మన దిక్కు తిప్పుకునే మందుంటదా?" అంది అమ్మ, నవ్వు ఆపి.

"అలిసినోళ్లను లేపే మందుంది. పని చెయ్యొచ్చు, చెయ్యకపోవచ్చు. నాకు పనికొస్తదో లేదో ముక్క చూస్తే కొంత తెలుస్తది."

అబద్ధమాడి ధైర్యం చెప్పడం వాడికి చేతకాదు. బడిలోనూ అంతే. తెలియని ప్రశ్న వస్తే బోర్డు మూలన రాసుకునేవాడు. "తెల్వకపోతే సిగ్గేంది? రేపు చూసి చెప్త" అనేవాడు. మర్నాడు చెప్పేవాడు. తన జబ్బునే పాఠం చేసి, నేల మీద గీత గీసి పిల్లలతో ఆట ఆడించాడు. గీత దాటి లోపలికి వెళ్లిన పోలీసు దొంగకు నీళ్లు మోయాలి. దొంగ వేషం కోసం పిల్లలు కొట్టుకునేవారట.

అలిసిన కణాలను లేపే ఆ మందు తర్వాత వాడికి పనిచేసింది, పూర్తిగా కాదు. రెండేళ్లు ఆగి, గడ్డ మళ్లీ పెరిగింది. దేవుడు ఇచ్చినదానికి నేను దండం పెట్టుకున్నాను.

ఇల్లరికం మాట వచ్చిన ఆ రోజుకే మళ్లీ వస్తాను. సాయంత్రం అందరం కూర్చున్నాం. అమ్మ వాడి చెయ్యి పట్టుకుని మళ్లీ తన నెత్తిన పెట్టుకుంది. "ఒట్టు తీసి గట్టున పెట్టిన. పో బిడ్డా" అంది. మర్నాడే మొదటి బస్సుకు వరంగల్ పోయి ముక్క తీయించాలని, మా ఆయన తోడు వెళ్లాలని, నేను ఇల్లు చూసుకోవాలని అనుకున్నాం. "నేను గూడ వస్త" అంది అమ్మ. రేపటి ఎండకు, ఆ మోకాళ్లతో వద్దని చెప్పబోతూ బయటికి చూశాను. ఆమె చెప్పులు అప్పటికే కడిగి, మెట్టు మీద ఆరబెట్టి ఉన్నాయి.