అవ్వ రవిక గుండీ

మా అత్తగారికి పాత గుండీలు పోగుచేసే పిచ్చి ఉండేది. హార్బరు వెనక వీధుల్లో మామగారి దారాలు, గుండీల హోల్‌సేల్ కొట్టు మూతపడినా ఆ పిచ్చి పోలేదు. ఏ గుండీ ఏ కాలానిదో ఆమె చెబితే చుట్టాలంతా ఒప్పుకోవలసిందే. చెంపకు ఆనించి, చల్లగా తగిలితే ముత్యపుచిప్ప అనేది. అనుమానమొస్తే సూది కాల్చి వెనకవైపు గుచ్చి వాసన చూసేది. కొమ్ముతో చేసినదైతే కాలిన వెంట్రుకల వాసన, ఇప్పటి ప్లాస్టిక్కయితే ముక్కు మూసుకునేంత కంపు.

మా మరిది పెళ్లయిన కొత్తల్లో ఒక ఆదివారం ఇంటినిండా చుట్టాలున్నారు. తోడికోడలు మాధవరం పిల్ల. తల్లి చిన్నప్పుడే పోతే అవ్వ పెంచింది. పెళ్లికి కాస్త ముందు ఆ అవ్వా పోయింది. అందరూ అత్తగారి గుండీల పెట్టెలు చూస్తుంటే, ఈ పిల్ల చేతిరుమాల్లో చుట్టిన లేతపసుపు గుండీ ఒకటి తెచ్చింది.

“మా అవ్వ పెళ్లి రవికది అత్తా. రవిక చినిగిపోయింది, ఇదొకటే మిగిలింది. ఏ కాలందో చెప్తారా?”

అత్తగారు గోటితో గీరి నవ్వింది. “ఇదా? బజార్లో అట్ట మీద కుట్టి అమ్మే ప్లాస్టిక్కు. మీ ఇంట్లో అన్నీ ఇట్టాంటి కతలేనా?”

చుట్టాలూ నవ్వారు.

“నిజంగా అవ్వదే అత్తా,” అంది పిల్ల.

“ఇప్పుడే తేలుస్తా ఉండు.” నావైపు తిరిగి, “సూదీ కొవ్వొత్తీ తే,” అంది.

“పాడైపోదా అత్తా? ఆ పిల్లకి అదొకటే కదా,” అంటూ నేను కదల్లేదు.

“నీకేం తెలుసుమే?” అని తనే లేచి తెచ్చుకుంది.

సూది కొన ఎర్రబడింది. “వద్దు, ఇచ్చేయండి,” అంటూ పిల్ల చెయ్యి చాచింది. అత్తగారు ఆ చేతిని తోసేసి గుచ్చింది. గుండీ భగ్గుమంది. చేతిలోంచి ఇత్తడి పళ్లెంలో పడేసింది. చూస్తుండగానే కాలిపోయి, గదంతా కర్పూరం వాసన నిండింది. పళ్లెంలో కాస్త నల్లటి మసి మిగిలింది.

అత్తగారు గాలి గట్టిగా పీల్చి, “సెల్యులాయిడ్,” అంది తృప్తిగా. “దాంట్లో కర్పూరం కలిపేవాళ్లు. ఈ ప్లాస్టిక్కులు రాకముందుది. నువ్వన్నది నిజమేమ్మే, మీ అవ్వ పెళ్లినాటిదే. ఆ పళ్లెం కడిగేసి కాఫీ పెట్టు.”

పిల్ల ఏడవలేదు. పళ్లెం తీసుకుని లోపలికెళ్లింది. చాలాసేపు కొళాయి చప్పుడు వినబడింది. సాయం చేద్దామని వెళితే, “మీరు పొండి అక్కా,” అంది.

ఆ తర్వాత ఇంటికి ఎవరొచ్చినా అత్తగారు చెప్పే గొప్ప అదే. “వాసన బట్టి కాలం చెప్పినా,” అనేది. ప్లాస్టిక్కని నవ్విన సంగతి అందులో ఉండేది కాదు. ఒకసారి ఎవరో నమ్మనట్టు చూస్తే, “ఇట్రామ్మే, నువ్వే చెప్పు,” అని వంటింట్లోంచి తోడికోడల్ని పిలిపించింది.

“అవును, అత్త సరిగ్గా చెప్పారు,” అంది ఆ పిల్ల, కొంగుతో చేతులు తుడుచుకుంటూ.

“ఎట్టుండేదమ్మా ఆ గుండీ?” అని వచ్చినావిడ అడిగింది.

“మధ్యలో పువ్వు చెక్కి ఉండేది.”

“పువ్వు కాదు, ఆకు,” అంది అత్తగారు.

పువ్వే. నేనూ చూశాను. తోడికోడలు నావైపు ఒకసారి చూసి, “ఆకే,” అంది. పొయ్యి మీద పాలున్నాయని వెళ్లిపోయింది.