చింతపండుతో తోమిన బిళ్ళలు

మసి పూసి మారేడుకాయ చేసేవాళ్ళను మీరు చూసే ఉంటారు. మసి తుడిచి ఏకంగా ఒక మనిషినే మాయం చేసినవాణ్ణి చూడాలంటే ఇటు తిరగండి. నవ్వొస్తే మొహమాటం లేకుండా నవ్వండి. పైడమ్మత్త కూడా నవ్వింది. నాకు ప్రాణం పోయినంత పనైంది మాత్రం ఆ నవ్వుకే.

ఖరగ్‌పూర్‌లో ఖరిదా దాటాక ఇనుము పోతపోసే ఫౌండ్రీ ఒకటి ఉండేది. మూతపడి చాలా కాలమైంది. అక్కడ ఫ్లాట్లు కడతారట, కట్టే ముందు నేలలో ఏముందో తవ్వి, చూసి, రాసి పెట్టుకోవాలట. ఆ పని చేయించడానికి కలకత్తా నుంచి ఒక దీదీ వచ్చింది. నేను డిగ్రీ అయిపోయి, రైల్వే పనికొచ్చిన మన తెలుగువాళ్ళుండే ఓల్డ్ సెటిల్‌మెంట్ సందుల్లో సైకిలు అరగదీస్తున్న రోజులవి. నా చేతికో మెత్తటి బ్రష్షు ఇచ్చి పనిలో పెట్టుకుంది. ఆ మర్నాటి నుంచి చరిత్రంతా నేనే తవ్వి తీస్తున్నట్టు మెడ నిక్కించి నడిచాను.

కూలిన గోడ కింద ఒకరోజు ఇత్తడి బిళ్ళలు దొరికాయి. పనివాడు గేటు దగ్గర తన బిళ్ళ తీసుకుని కొలిమి షెడ్డు గోడకి తగిలించాలి, ఇంటికెళ్ళేటప్పుడు మళ్ళీ గేటుకి చేర్చాలి. గేటుకి రాని బిళ్ళ అంటే ఇంటికి రాని మనిషి. కొలిమి పగిలి కప్పు కూలిన రోజు లోపల ఉన్నవాళ్ళవి ఇవి. ఎవరు ఎవరో తేలక అందరినీ ఒకే చితి మీద పెట్టారట. అస్థికలు ఎవరికీ ఇవ్వలేదు.

మా వీధి చివరింటి పైడమ్మత్త భర్త వాళ్ళలో ఒకడు. ఏట్లో కలపడానికి ఆయనది గుప్పెడు బూడిద కూడా దక్కలేదన్నదే ఆవిడ దిగులు. "మీ ఆయన బిళ్ళ గుర్తుపట్టండి, ఫొటో తీసుకుని మీకే ఇచ్చేస్తాను" అని దీదీ మాటిచ్చింది. బూడిదకి బదులు దాన్నే ఏట్లో కలుపుతానని, విశ్వకర్మ పూజ నాడు వస్తానంది అత్త.

రైల్వే వర్క్‌షాపులో చేసినవాళ్ళ ఇళ్ళలో ఆ పూజకి మసి పట్టిన లోహమన్నది కనపడకూడదు. ఇంట్లో సుత్తి తోమలేదని నాన్న ఒక ఏడాది భోజనమే మానేశాడు. ఆ పొద్దున దీదీ, "ఫొటోలు రేపు తీద్దాం, బిళ్ళల ట్రే జాగ్రత్త" అని చెప్పి మిడ్నాపూర్ వెళ్ళింది. నేను సరాసరి ఇంటికెళ్ళాను.

"అమ్మా, సింతపండు ఉందేటి?"

"ఏటికిరా?"

"పైడమ్మత్త మొగుడికి."

"పూజపూట ఏటా మాటలు" అని విసుక్కుంటూనే అమ్మ ఇంత ముద్ద, దానిమీద ఇటుకపొడి పొట్లం చేతిలో పెట్టింది.

తవ్వకం దగ్గరికి తిరిగొచ్చి తోమాను. మా అమ్మమ్మ బిందెని కూడా అలా తోమి ఉండదు. ఒకదాని మీద వంకర గీతలేవో ఉన్నాయి. చిలుము మరీ ముదిరిందనుకుని దాన్ని రెండోసారి పట్టించాను. పసుపు రాసి, కుంకం పెట్టి, విశ్వకర్మ బొమ్మ ముందు పేర్చాను.

పైడమ్మత్త ఉతికిన చీర కట్టుకుని, బిళ్ళ వేసుకోవడానికి మూతున్న పాల క్యాను పట్టుకుని వచ్చింది. ఒక్కో బిళ్ళా తిప్పి తిప్పి చూసింది.

"సేప ఏదిరా, సిమ్మాచలం?"

"ఏ సేపత్తా?"

"మీ మావ సదువుకోనేదు కదా. గుర్తుకని బిళ్ళ మీద మేకుతో సేప గీసుకున్నాడు. తోక వొంకరగుంటాది."

"ఒకదాని మీద గీతలున్నాయత్తా. చిలుము అనుకున్నాను."

"అనుకుని?"

"తోమేసినాను."

"ఎంత తోమినావు?"

"రెండుసార్లు."

ఆవిడ అక్కడే మట్టిలో కూర్చుంది. "పెళ్ళినాడు కూడా మీ మావ ఇంత తెల్లగా నేడురా" అంది.

ఇంతటితో నోరు మూసుకుంటే నేను నేనెందుకవుతాను? "అన్నీ ఒక్కలాగే ఉన్నాయి కదత్తా, ఏదో ఒకటి అట్టుకెళ్ళు" అన్నాను. ఇత్తడి తోమగానే బుర్ర మెరవదు.

"ఎవుల మొగుణ్ణిరా నేను ఏట్లో కలిపీది?"

నేను చేసింది తప్పు కాదు, పాపం అని అప్పుడు తెలిసింది. ఆవిడ చుట్టూ చూసి అడిగింది.

"తోమిన నీళ్ళు పారబోసినావా?"

"నేదు. బకెట్లో ఉన్నాయి."

నల్లటి చింతపండు నీళ్ళు. అత్త వేలు ముంచి చూసుకుంది. "మసి ఇందులోనే ఉంది. సేపా ఇందులోనే ఉంది" అంటూ క్యానులోకి వంపుకుంది.

"మిగతావోళ్ళ మసి కూడా కలిసిపోనాది కదత్తా."

"రానీ. ఒకే సితి మీద పోనోళ్ళు, ఒకే ఏట్లో కలుస్తారు." మూత బిగిస్తూ ఉన్నట్టుండి నవ్వింది. "సేపల పులుసంటే పేణమిచ్చీవోడు. ఆకరికి ఆయనే పులుసైపోనాడు."

నవ్వుతూనే వెక్కివెక్కి ఏడ్చింది. సిగ్గులేకుండా నేనూ నవ్వాను, ఆవిడకంటే గట్టిగా ఏడ్చాను. బస్సులో కంసావతి ఏటి దాకా ఆ క్యాను ఒళ్ళో పెట్టుకుని, చుక్క ఒలకనీయకుండా మోసింది నేనే. మర్నాడు దీదీ ఏమందో రాయను. బెంగాలీలో అన్ని మాటలున్నాయని అంతకుముందు నాకు తెలియదు. బ్రష్షు మాత్రం వెనక్కి తీసేసుకుంది.

ఇప్పుడక్కడ ఫ్లాట్లు లేచాయి. కావున విశ్వకర్మ సాక్షిగా, కంసావతి సాక్షిగా నేను చేసిన ప్రతిజ్ఞ ఏమనగా: ఈ చేతులతో చింతపండును పులుసులో తప్ప మరెక్కడా వాడను. మా ఇంట్లో దీపపు కుందె నల్లగా ఉంటుంది. ఇంత బద్ధకమేమిటని మా ఆవిడ తోమబోయినప్పుడల్లా, దానిమీద ఎవరైనా ఏమైనా గీసుకున్నారేమో ముందు చూడమంటాను.