నాన్న ఆసు మీద వదిన వేసిన తురుపు

మా వదిన చనిపోయిన కబురు నాకు నాన్నే చెప్పారు. మామూలుగా ఆయన ఫోన్లు చేసే మనిషి కాదు. ఆ ఉదయం చేసి, "మీ వొదిన మరి నేదమ్మా" అన్నారు. ఆపైన ఫోను అమ్మ చేతిలో పెట్టేశారు. కొన్నాళ్ళుగా కిడ్నీ జబ్బుతో వదిన ఆస్పత్రికీ ఇంటికీ తిరుగుతూనే ఉంది. మనసు సిద్ధపడే ఉందనుకున్నాను గానీ, వైశాలి నగర్ నుంచి సెక్టర్ 2లో ఉన్న పుట్టింటికి ఆటోలో వెళ్తున్నంతసేపూ నాన్న గొంతే చెవుల్లో ఉండిపోయింది. ఒకప్పుడు ఆయన వదినను "ఆ పిల్ల" అనేవారు.

వదినది దుర్గ్ దగ్గర పల్లె, ఛత్తీస్‌గఢీ అమ్మాయి. అన్నయ్యా ఆమే ఒకే ఆఫీసులో పనిచేసేవారు. శ్రీకాకుళం నుంచి వచ్చి బతుకంతా ఇక్కడి ఉక్కు ప్లాంటులోనే గడిపినా, కోడలు మాత్రం మన వైపు నుంచే రావాలని నాన్న ఆశ. పెళ్ళిలో అక్షింతలు వేసి, భోజనం చేయకుండా వచ్చేశారు. కాపురానికి వచ్చాక ఆమెను పల్లెత్తు మాట అనలేదు. అసలు ఏ మాటా అనలేదు. "టీ ఇమ్మను" అని అమ్మతో చెప్పేవారు. ఇవ్వాల్సిన మనిషి అక్కడే నిలబడి ఉండేది.

ఆమె మాత్రం అమ్మ దగ్గర మా తెలుగు గబగబా నేర్చేసుకుంది. ఇక్కడే పుట్టిన నేను సగం హిందీలో మాట్లాడుతుంటే, "ఏటి నోనీ, అన్నం తినీసినావా?" అని అడిగేది. నోనీ అంటే వాళ్ళ భాషలో చిట్టితల్లి. నేను పరీక్ష తప్పి వంటింట్లో కూర్చుని ఏడుస్తుంటే పళ్ళెం తెచ్చి ముందు పెట్టి, "ముందల తిను. ఏడుపు తరవాత సూద్దాం" అంది. తిన్నాక నిజంగానే పక్కన కూర్చుని, నా ఏడుపు అయ్యేదాకా కదల్లేదు.

పెళ్ళయిన మరుసటి వేసవిలో, బాలోద్ వైపు ఒక డ్యాం ఒడ్డున టెంట్లు వేసుకుని శని, ఆదివారాలు గడుపుదామన్న ఆలోచన ఆమెదే. నాన్న రారని అందరం అనుకున్నాం. "మావయ్య పేకాట దోస్తుల్ని పిలు. ఆలొస్తే ఆయనొచ్చీస్తారు" అని అన్నయ్యకు చెప్పింది. అలాగే జరిగింది.

ఆ మధ్యాహ్నం చెట్టు నీడన టార్పాలిన్ పరిచి నాన్నా, ఆయన ముగ్గురు స్నేహితులూ కోట్‌పీస్ మొదలుపెట్టారు. ఎదురెదురుగా కూర్చున్నవాళ్ళు ఒక జట్టుగా ఆడే ఆట అది. కాసేపటికి నాన్న జట్టులోని స్నేహితుడికి ఎండకు తలనొప్పి వచ్చి టెంటులోకి వెళ్ళి పడుకున్నారు. ఆట ఆగిపోయింది. అన్నయ్యకూ నాకూ ఆడడం రాదు. మిగిలిన ఇద్దరిలో ఒకాయన పొయ్యి దగ్గరున్న వదిన వైపు తిరిగి, "బహూ, తుమ్‌కో ఆతా హై?" అన్నారు.

"చిన్నప్పుడు అన్నయ్యలతో ఆడీదాన్ని" అంది వదిన.

ఖాళీగా ఉన్న చోటు నాన్న ఎదురుగానే. చేతులు తుడుచుకుని వచ్చి కూర్చుంది. నాన్న తల ఎత్తలేదు. కొన్ని పట్లు అలాగే నడిచాయి. తర్వాత నాన్న ఇస్పేటు ఆసు వేశారు. దాన్ని కొట్టే ముక్క ఎదుటివాళ్ళ దగ్గర లేదు, పట్టు ఆయనదే. అప్పుడు వదిన, అవసరం లేకుండానే, దాని మీద తురుపు ముక్క వేసింది.

"ఏటమ్మా!" నాన్న చేతిలో ముక్కలు కింద కొట్టారు. "నా ఆసు మీద తురుపేసీసినావేటి? నువ్వు నా జట్టా, ఆల జట్టా?"

పొయ్యి దగ్గర అమ్మ గరిటె ఆపేసింది. ఎవరితో మాట్లాడారో నాన్నకు అప్పుడే తెలిసినట్టుంది. వదిన కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కానీ నవ్వుతోంది.

"మీ జట్టే మావయ్యా. సెయ్యి వొణికిపోనాది."

నాన్న ముక్కలు ఏరుకున్నారు. "మరి వొణక్కు. ఆడు."

ఆ ఆట ఓడిపోయారు. తర్వాతదీ ఓడిపోయారు. నాన్న లేవలేదు. పొద్దు గూకేదాకా వదినను తిడుతూనే ఉన్నారు. ఏడాదిగా అనని మాటలన్నీ పేకముక్కల వంకతో అనేశారు. ఆమె ప్రతిదానికీ "అలాగే మావయ్యా" అంటూ వెలిగిపోయింది.

కావాలనే తప్పు ముక్క వేసిందని మా వాళ్ళలో చాలామంది నమ్మకం. ఒకసారి నేనే అడిగేశాను. "అంత తెలివుంటే ఆట గెలిచీదాన్ని కాదేటి నోనీ?" అంది.

నాకు ఆమె ఎక్కువగా గుర్తొచ్చేది ఆ మర్నాడు పొద్దున చూసిన తీరులోనే. నేను టెంటులోంచి బయటికి వచ్చేసరికి నాన్నా వదినా డ్యాం గట్టు మీద ఉన్నారు. వదిన దోసిలి నిండా పసుపురంగు పళ్ళు.

"ఇవి మా కొండల్లో తునికి పళ్ళు కదేటి?" అంటున్నారు నాన్న.

"మేం తెందూ అంటాం మావయ్యా."

"ఏదంటే ఏటిలే, ఇలా తే" అని ఆయన ఒకటి తీసుకున్నారు. ఎండ ఎక్కుతోందని భుజం మీది తువ్వాలు తీసి ఆమె తల మీద వేశారు. చేతుల నిండా పళ్ళుండడంతో దాన్ని సర్దుకునే వీల్లేకపోయింది. ఒక చెవి పక్కగా జారి వేలాడుతున్న ఆ ఎర్ర తువ్వాలుతోనే, పడిపోకుండా తల కాస్త వంచుకుని, నాన్నకు ఏదో చెబుతూ గట్టు చివరిదాకా నడిచి వెళ్ళింది.