కౌసల్యక్క చేతి బోణీ

నిన్న తెల్లవారుతుండగా ఫోన్ మోగింది. "టీచరమ్మా, కౌసల్యమ్మ ఎంత లేపినా లేస్తలేదు" అని పక్కింటి అమ్మాయి ఏడుస్తోంది.

నిద్రలోనే పోయిందట.

ఫోన్ పట్టుకుని మంచం మీద అలాగే కూర్చుండిపోయాను. మొన్న సాయంత్రమే మాట్లాడాం. "చింతపండు మంచిది దొరికిందే, నీకు సుత తీసిపెట్టిన" అంది.

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

మీలో చాలామందికి ఆమె మా ఇంటికి పచ్చళ్ళు పంపే అక్కగానే తెలుసు. నాకు ఆమె ఎవరో ఈరోజు చెప్పాలనిపిస్తోంది.

ఎనభైల మొదట్లో మాట. పాలకుర్తి దగ్గరి మా ఊరి నుంచి డిగ్రీ చదవడానికి వరంగల్ వచ్చాను. మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటి మనిషిని నేనే. మట్టెవాడలో ఒక పాత ఇంట్లో రూమ్. పక్క గదిలో కౌసల్యక్క. ఆమె కూడా అప్పుడే వర్ధన్నపేట నుంచి వచ్చింది. పెళ్ళయిన కొద్ది రోజులకే భర్త పోయాడు. మాలాంటి స్టూడెంట్లకు, ఆఫీసుల్లో పనిచేసే బ్యాచిలర్లకు వండి, క్యారియర్లు పంపి బతుకుదామనుకుంది.

ఇద్దరికీ ఊరు కొత్త. ఏ దుకాణంలో పప్పు తొందరగా ఉడుకుతుందో, ఎక్కడి నూనె కమ్మగా ఉంటుందో తెలియదు. కలిసి వెతకడం మొదలుపెట్టాం.

మొదటి రోజు పొద్దున్నే ఒక కిరాణా దుకాణానికి వెళ్ళాం. షావుకారు అగర్‌బత్తి వెలిగిస్తూ అక్క నొసలు చూశాడు.

"జర పక్కకు నిలవడమ్మా. ఇంక బోణి గాలే."

నాకు అర్థం కాలేదు. అక్కకు అర్థమైంది. బొట్టు లేని మనిషి చేత్తో మొదటి బేరం జరిగితే ఆ రోజంతా గిరాకీ ఉండదని వాళ్ళ నమ్మకం.

నేను ఒక అగ్గిపెట్టె కొన్నాను. అతను నా పైసలు కళ్ళకద్దుకుని గల్లాపెట్టెలో వేశాడు. "ఇగ నువ్వు రామ్మా" అని అక్కను పిలిచాడు.

బయటికొచ్చాక అక్క నవ్వింది. "నీ చేతికి మస్తు గిరాకి ఉన్నదే చెల్లె. కాలేజి బందు వెట్టి పొద్దుగాల దుకాణాలకు కిరాయికి పో."

నాకు నవ్వు రాలేదు.

క్యారియర్లు తొమ్మిదికల్లా కట్టాలి. ముందే సామాను కొని పెట్టుకునే స్తోమత లేదు. నాకు ఎగ్జామ్స్ ఉన్నప్పుడు ఆమె ఒక్కతే వెళ్ళేది. ఎవరైనా వచ్చి కొనేదాకా దుకాణం పక్కన గోడకు ఆనుకుని నిలబడేది. వంట లేటయ్యేది. క్యారియర్లు తెప్పించుకునేవాళ్ళు ఒక్కొక్కరే మానేయసాగారు.

మంచి దుకాణం అంటే మాకు అర్థం మారిపోయింది. సరుకు ఎలా ఉన్నా సరే, అక్కను పక్కకు నిలబడమనని దుకాణం కావాలి. స్టేషన్ రోడ్డు దాకా ప్రతి సందూ తిరిగాం.

ఒకటి దొరికింది.

ఆ దుకాణం నడిపే ముసలాయన పొద్దున సరుకు కోసం వెళ్తే, ఆయన భార్య కూర్చునేది. మేమే మొదటి బేరం. "దా బిడ్డా, ఏం గావాలె?" అంది అవ్వ. పప్పు చేత్తో తడిమి చూసి, తక్కెడలో జోకి ఇచ్చింది. అక్క ఇచ్చిన పైసలు కళ్ళకద్దుకుంది.

ఇంటిదాకా అక్క మాట్లాడుతూనే ఉంది. అంత వాగడం నేనెప్పుడూ వినలేదు.

కొన్నాళ్ళకు నాకు తెలిసింది. అవ్వ కళ్ళకు పొరలు. మనిషి ఆకారం తప్ప మొహం కనబడదు. అక్కకు మొదటి రోజే తెలుసు.

ఆ చలికాలంలో ఊళ్ళో కంటి క్యాంపు పెట్టారు. అవ్వను తీసుకెళ్ళే తీరిక కొడుకులకు లేదు. అక్క తనే రిక్షా మాట్లాడింది.

"అక్కా, ఒకసారి ఆలోచించుకో" అన్నాను.

"ఏందే ఆలోచించేది? నా బోణి కోసం ముసల్ది గుడ్డిగనే ఉండాల్నా?"

ఆపరేషన్ బాగా జరిగింది. లావు అద్దాల కళ్ళజోడుతో అవ్వ మళ్ళీ దుకాణంలో కూర్చున్న పొద్దున నేనూ వెళ్ళాను. అవ్వ అక్క మొహాన్ని చాలాసేపు చూసింది.

"నువ్వేనా కౌసల్యవు? అయ్యో బిడ్డా, గింత చిన్నదానివి..."

కళ్ళజోడు ఎత్తి కళ్ళు తుడుచుకుంది. తర్వాత అదే మెత్తని గొంతుతో, "జర పక్కకు నిలవడు తల్లీ. ఎవలన్న రాంగనే నీకే ఇత్త" అంది.

అక్క పక్కకు జరిగింది.

"అద్దాలు మంచిగ గుదిరినయ్ అవ్వా" అంది.

ఇంటికి వస్తూ నన్ను అడిగింది. "నువ్వు సదువుకుంటానవ్ గదా. మీరంత సదువుకున్నంక గివన్ని పోతయా?"

"పోతాయక్కా" అన్నాను. నిజంగానే నమ్మాను.

పోలేదు.

నేను టీచర్ అయ్యాను, రిటైరయ్యాను కూడా. సూపర్ మార్కెట్లు వచ్చాయి. అక్కడ ఎవరి నొసలూ ఎవరూ చూడరు. ఒక పొద్దున అక్కను తీసుకెళ్ళాను. బుట్ట నింపుకుంది. కౌంటర్ ఖాళీగానే ఉంది. దానికి దూరంగా ఆగిపోయింది.

"ఎవలన్న పోనియ్యే ముందుగాల."

బిల్లు కొట్టే అమ్మాయి "రండమ్మా" అని పిలుస్తూనే ఉంది. అక్క కదల్లేదు.

 

నిన్న అక్క తమ్ముడు వర్ధన్నపేట నుంచి వచ్చేలోగా సామాను కోసం నేనే వెళ్ళాను. చావు సామాను అమ్మే అతను అప్పుడే షట్టర్ ఎత్తుతున్నాడు. తెల్లబట్ట, గులాలు, కుండ, అగర్‌బత్తులు. అక్క దిండు కింద దొరికిన డబ్బులే ఇచ్చాను.

"ఎవలకమ్మా?" అన్నాడు.

"మా అక్కకు."

ఆ నోట్లు కళ్ళకద్దుకుని గల్లాపెట్టెలో వేసుకున్నాడు.

కళ్ళు కనబడని అవ్వ తర్వాత, అక్క చేతి బోణీని కళ్ళకద్దుకున్నది ఇతనొక్కడే.

వెళ్ళిరా కౌసల్యక్కా. ఇక ఎవరు ముందు వస్తారా అని ఎదురుచూడకుండా, నెమ్మదిగా పడుకో.